తులమున్నర మంట

పాట్ మార్కెట్ మూడో సందులో
భూషణాచారి తక్కెడ ముందు సంచి విప్పాను.
గాజు పెట్టెలో ఉంటుంది అది,
ఊపిరి తగిలినా అంకె మారుతుంది.

మొదట గ్యాస్ డబ్బా.
"ముప్ఫై ఎనిమిది తులాలు," అన్నాడు
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి.
"ఏ పెండ్లిపిల్లకమ్మా?"
పెండ్లి కాదు, కొండ అన్నాను.
ఆరు రోజులు, నా వీపు మీద.
కుడి మోకాలు ఇప్పటికే వాయిదాలు అడుగుతోంది.

డబ్బా మాట వింటుంది, తిప్పినంత మంట ఇస్తుంది,
చలికి మాత్రం నాలుక మడతపెడుతుంది.
ఎంత మిగిలిందో చెప్పదు,
కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూసుకోవాలి.
పైగా రైలెక్కనివ్వరు.

తర్వాత బేగంబజార్‌లో బేరమాడి తెచ్చిన ఇత్తడి స్టవ్వు.
పంపు, పిన్ను, వాషరు, గరాటు,
ఇంత సంసారం ఉండి కూడా దానికి మళ్లీ కిరోసిన్ కావాలి.
రేషన్ షాపు ముందు నీలం కిరోసిన్ లైను
ఏ ఏడాది ఆగిపోయిందో గుర్తులేదు.
క్యాను మోసిన చేతి వాసన గుర్తుంది.
చారి దాన్ని పళ్లెంలో పెట్టనివ్వలేదు.

మూడోది తీయడానికి సిగ్గేసింది.
కూల్‌డ్రింక్ డబ్బా అడుగు కోసి
సూదితో చుట్టూ పదహారు బెజ్జాలు పొడిచాను, అంతే.
కోఠీలో కొన్న స్పిరిట్ సీసా పక్కన.
తులమున్నర.
చారి నవ్వలేదు.
"ముట్టియ్యి."

మధ్యాహ్నం మూడింటికి స్పిరిట్ మంట కనిపించదు.
అరచెయ్యి పైన పెట్టాడు, పక్కన పెట్టాడు,
వెంట్రుకలు కమిలిన వాసన వచ్చేదాకా.
నలభై ఏళ్లు ఊదుగొట్టంతో
కుంపటి నిప్పును గింజంత చోటికి నడిపించిన మనిషి.
ఫ్యాను స్విచ్చి వేశాడు.
మంట పోయింది. పోయినట్టు కూడా తెలియలేదు.

"సూశినవా, మంటను తూస్తున్నవ్,
గాలిని తూస్తలేవు."

పాత నెయ్యి డబ్బా రేకు తీసి
గాలికి అడ్డంగా గుండ్రంగా వంచి, అడుగున వేలెడు సందు విడిచాడు.
రెండు తులాలు పెరిగాయి.
తూకానికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు,
రేకుకి తీసుకోలేదు.

రాత్రి చిలకలగూడలో, మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన
సిరంజితో ఇరవై ఐదు మిల్లీలీటర్లు పోశాను.
పక్క మేడ మీద ఎవరో ఫోన్లో
అప్పు గురించి గొడవ పడుతున్నారు.
రేకు చాటున నీలం, ఉందా లేదా అన్నంత.
గిన్నె మొదట గుసగుసలాడింది,
ఎనిమిదో నిమిషంలో మూత ఎగరేసింది.

అప్పుడు లెక్క వేశాను.
రోజుకి మూడుసార్లు, ఆరు రోజులు,
దిగిన ఊళ్లో వెతికి కొనాల్సిన స్పిరిట్
ముప్ఫై అయిదు తులాలు.
దాదాపు ఆ డబ్బా బరువే.

పొద్దుటి టీ మానేస్తే మూడో వంతు తగ్గుతుంది.
టీపొడి కూడా మిగులుతుంది.
కాసేపు ఆలోచించాను,
గిన్నెలో ఇంకో చెంచా పంచదార వేసుకుంటూ.