తుమ్ము రాని ఎరుపు

శాంపిళ్ళిచ్చి కంపెనీ పంపితే
లియోన్‌లో మూడు రోజులు ఉన్నాను.
ఆఖరి సాయంత్రం బెల్‌కూర్ సెంటర్‌కి నడిచాను.
వాళ్ళు ప్లాస్ అంటారు.

నేలంతా ఎరుపు.
మన యార్డులో వేలం ముగిసి
టిక్కీలు ఎత్తేశాక మిగిలే ఎరుపు.
చెయ్యి దానంతటదే రుమాలు కోసం జేబులోకి పోయింది.
తుమ్ము రాలేదు.
అక్కడ ఎవరికీ రావడం లేదు.

పిల్లలు ఆ దుమ్ములో బంతి తంతున్నారు.
నడిమధ్య ఒక రాజు
రికాబుల్లేని గుర్రం మీద కాళ్ళు వేలాడేసి
తన సరుక్కి ఎవరూ పాట పెంచని రైతులా
ఊరికే చూస్తున్నాడు.

వంగి, చిటికెడు తీసి, నలిపి వాసన చూశాను.
పద్దెనిమిదేళ్ళు కాయ గ్రేడు చేసిన వేళ్ళు, ఊరుకోవు.
ఘాటు లేదు. తాలూ కాదు.
ఒట్టి మట్టి.

గుంటూరొచ్చాక, చుట్టుగుంట దగ్గర
తొడిమలు తీసే శౌరమ్మకి ఫోటో చూపించాను.
ముక్కుకు కట్టిన గుడ్డ దించకుండానే
ఫోను దగ్గరికి లాక్కుంది.
"ఇంత కళ్ళం ఖాళీగా ఒదిలేశారేందయ్యా,
వానొస్తదనా?"

విప్లవంలో జనం పాత విగ్రహాన్ని
గుర్రంతో సహా కూలదోశారనీ,
ముప్పై ఏళ్ళకి మళ్ళీ పోత పోయించి నిలబెట్టారనీ
అక్కడ విన్నది చెప్పాను.
ఆమె చేతులు ఆగలేదు.
"దించిన కూలోళ్ళూ ఎక్కించిన కూలోళ్ళూ
ఒకళ్ళేనా?"
నేను అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఆ రాత్రి గడప బయట బూట్లు దులిపాను.
కుట్ల సందుల్లోంచి ఎరుపు రాలింది,
అక్కడిదెంతో, ఇక్కడిదెంతో.
చీపురు తెచ్చిన మా ఆవిడ
"ఇదేనా ఫ్రాన్సు నుంచి తెచ్చింది?" అంది.
చెప్పబోయాను.
తుమ్మొచ్చింది.