కారనీ

ఉండి దాటాక కాలవ గట్టు మీద
మూడు రేకుల షెడ్లు, మూడు గన్నులు, ఒక టోకెన్ డబ్బా.
ఎవరి బండి వాళ్ళే కడుక్కోవాలి.
బైకుకి ఇరవై, కారుకి అరవై,
రొయ్యల వ్యానుకి బేరం.

ధనుర్మాసం పట్టిందంటే
మా ఓనరు, మాజీ హవల్దారు పెచ్చెట్టి నూకరాజు గారు
రాత్రి పదింటికి టార్చి పట్టుకుని బయల్దేరతారు.
మోటారు కట్టేసి, గన్నులు నొక్కి పట్టి
గొట్టాలు గాలి దగ్గేదాకా వదిలేస్తారు.
పైపుల మోచేతులకి గోనె చుట్టి
పురికొసతో బిగిస్తారు, పసిపిల్లకి కుళ్ళాయి కట్టినట్టు.
చివరి కుళాయి ఒక్కటీ
నూలుపోగంత కారనిస్తారు.
"ఆపకురా దావీదూ. ఆగిన నీళ్ళే గడ్డకట్టేది."

మా వైపు చలంటే
మఫ్లరు, అల్లం టీ,
చెరువుల మీద ఏరేటర్ల చప్పుడొక్కటే వినబడే మంచు,
తెల్లారేసరికి సీసాలో పేరుకున్న కొబ్బరి నూనె.
అంతకు మించి ఈ లంకల్లో ఏదీ గడ్డకట్టిన దాఖలా లేదు.

బళ్ళు కడుక్కునేవాళ్ళు నవ్వుతారు.
"గోదారి గడ్డకడితే చెప్పండి హవల్దారు గారూ,
నర్సాపురం రేవులో పంటు డబ్బులు మిగుల్తాయి."
ఆయన చిల్లర లెక్కపెట్టుకుంటారు.

ఒక్కసారే చెప్పారు నాకు, అదీ టోకెన్ డబ్బా బాగుచేస్తూ,
నా మొహం చూడకుండా.
పైన, చెట్టన్నది లేని చోట, మిలటరీ బళ్ళు కడిగే డ్యూటీ.
రాత్రంతా టప్ టప్ మంటుంటే నిద్ర పట్టక
లేచి వెళ్ళి కుళాయి కట్టేశారట.
పొద్దున్నకి పైపు నిలువునా చీలింది, ఎండు వెదురులా.
రేడియేటర్లో పొయ్యడానికి చుక్క లేదు.
కదలాల్సిన బండి కదల్లేదు.
బండిలో ఎవరున్నారో ఆయన చెప్పలేదు.
స్క్రూడ్రైవర్ ఇమ్మన్నారు, ఇచ్చాను.

మొన్న జనవరిలో, క్రిస్మస్ స్టారు ఇంకా దింపకముందే,
ఆకివీడు వ్యానొకటి అర్ధరాత్రి వచ్చి
మిగిలిన ఐసంతా మా తూములో దిమ్మరించి పోయింది.
రొయ్య తలకాయలు, ఊక, ఐసు, అన్నీ కలిసి బిగుసుకుపోయి
తెల్లారి షెడ్డంతా మోకాలి కింద దాకా నీళ్ళు.
నేను తిడుతూ గడ్డపార వెతుకుతున్నాను.
ఆయన పంచె ఎగ్గట్టి గొంతుక్కూచుని
జాలీ మీద అరచెయ్యి ఆనించారు.
తియ్యలేదు చాలాసేపు.
వేళ్ళు ఎర్రబడ్డాయి.
"ఇంత దూరం వచ్చిందిరా," అన్నారు,
చుట్టాన్ని గుమ్మంలో చూసినట్టు.

తర్వాత మామూలు గొంతుతో,
"ఉప్పు బోరు ఆన్ చెయ్."
తాగడానికి పనికిరాదని, బళ్ళకి తుప్పు పట్టిస్తుందని
మేం తిట్టుకునే ఆ నీళ్ళే
పావుగంటలో తూము నోరు తెరిపించాయి.
బకెట్టులో ఒక ముక్క మిగిలితే
ఆయన అదేం చేశారో చూడలేదు,
భీమవరం బస్సువాడు టోకెన్ల కోసం హారన్ కొడుతున్నాడు.

ఈ వారం ఆయన కాకినాడలో, కంటి ఆపరేషన్.
పదయ్యింది. టార్చి నా చేతిలో ఉంది.
గోనెలు చుట్టాను. గన్నులు దగ్గించాను.
నాకు తెలుసు, ఇక్కడ ఏదీ గడ్డకట్టదు.
చివరి కుళాయి దగ్గరకొచ్చేసరికి
ఎంత వదలాలో చెయ్యికి తోచలేదు.
ఫోన్ చేశాను.
కట్టు కింద నుంచి పలికినట్టుంది ఆ గొంతు.
"ఏదీ, వినిపించు."

ఫోను కుళాయి కింద పట్టుకున్నాను.
అవతల ఏ మాటా లేదు.
కాలవ మీద మంచు రోడ్డెక్కుతోంది.
"ఇంకొంచెం తగ్గించు," అన్నారు.
తగ్గించాను.
"ఆఁ. అలా ఉండనీ."