రెండూ ఒకటో వైపే

మూర్ మార్కెట్లో మూడో వరస,
గడియారాలు బాగుచేసే కొట్టు పక్కన
మా మామ రికార్డుల అంగడి.
దుమ్ము దులపడం నా పని.
సూదులు మార్చడం, మాటలు వినడం కూడా.

ఆ ఏడు వచ్చిన ఓ చిన్న రికార్డుకి
రెండు పక్కలా "ఒకటో వైపు" అనే వేశారు.
అచ్చుతప్పు కాదు.
రాసినవాళ్ళిద్దరూ రెండో వైపుకి ఒప్పుకోలేదట.
ఇటు ముక్తేవి శరభయ్య,
తిప్పితే తాళ్ళూరి ఇన్నాసి.
వీపు లేని మనిషిలా ఉండేది ఆ రికార్డు.

ఆదివారం పదింటికల్లా దిగేవాళ్ళు.
ఎగ్మూరు రైలాఫీసు గుమాస్తా పరాంకుశం
గొడుగు తగిలించి మొదలెట్టేవాడు:
"శరభయ్య మాటంటే తాంబూలమయ్యా,
నమలగా నమలగా పండుతుంది."
చింతాద్రిపేట దర్జీ గౌసు
మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసేవాడు:
"మీ ఆయన పాటకి లైనింగెక్కువ, గుడ్డ తక్కువ.
మావాడు చూడు, ఒక్క కుట్టు!
'ఉప్పు బస్తా మీద వాన' అన్నాడు.
ఇంకేం కావాలి, బతుకంతా కరిగిపోలా?"
"కరిగితే కరిగింది, యతి ఏదీ?"
"వానకి యతేంటయ్యా!"

నన్నారి షర్బత్తు పందెం.
ఓడినవాడు డబ్బులివ్వాలి.
ఇద్దరూ ఎప్పుడూ ఓడలేదు గనక
ఒకరి షర్బత్తుకి ఒకరు ఇచ్చుకునేవాళ్ళు.

ఒకసారి "ళ" దగ్గర చెడింది.
గాయని "ల" అని పాడింది.
తప్పు ఆమెదా, రాసినవాడిదా?
మూడు వారాలు మాటల్లేవు.
నాలుగో వారం ఇద్దరూ వచ్చి
వేరే వేరే స్టూళ్ళ మీద కూర్చుని
నాతో వాదించారు, ఒకరికొకరు వినబడేలా.

తర్వాత పరాంకుశానికి జోలార్‌పేట బదిలీ.
ఒంటిగది క్వార్టర్సు, నలుగురు పిల్లలు.
ట్రంకుపెట్టె నిండా రికార్డులు తెచ్చి
బల్లమీద పెట్టి, లెక్కపెట్టకుండా,
మామ ఇచ్చింది జేబులో వేసుకున్నాడు.
గొడుగు మర్చిపోయి మళ్ళీ వచ్చాడు.
పెట్టె వంక చూళ్ళేదు.

ఆ సాయంత్రం ఒక్కొక్కటీ తుడుస్తూ
ఆ రికార్డుని ట్యూబులైటుకి ఎత్తి చూశాను.
శరభయ్య వైపు నిన్న కొన్నట్టు నల్లగా నిగనిగ.
ఇన్నాసి వైపు
బూడిద.

సూది పెట్టాను. చిటపట.
రెండో చరణంలో ఒకచోట మరీ గరగర.
సరిగ్గా ఉప్పు బస్తా దగ్గర.
అక్కడ సూది ఎత్తి, వెనక్కి పెట్టి,
ఎత్తి, వెనక్కి పెట్టి
ఎన్ని రాత్రులు గడిపాడో మనిషి.

చెప్పకూడదనుకున్నాను.
గౌసుకి చెప్పక్కర్లేకపోయింది.
పెట్టె తిరగేస్తూ తనే తీశాడు,
అట్ట మీద పరాంకుశం సంతకం చూసి నవ్వాడు,
తిప్పాడు, నవ్వు ఆపాడు.
గుడ్డ నేత చూసే వేలితో
ఆ బూడిదని మెల్లగా తడిమాడు.
"ఎంత?"
"అరిగిపోయింది కదా, రెండ్రూపాయలివ్వండి."
కొత్తదాని ఖరీదిచ్చి వెళ్ళిపోయాడు.

పై ఆదివారం ఎవరో కుర్రాళ్ళు వచ్చారు.
అందరూ ఇన్నాసి పక్షమే.
"శరభయ్యా? ముసలి సరుకు" అన్నాడొకడు.
ఇహ అందరూ ఒకటే మాట,
వాదన లేదు,
అంగడి చప్పబడింది.

గౌసు మెడలో టేపు తీసి
చుట్టచుట్టి బల్లమీద పెట్టాడు.
"అబ్బాయ్, అది తాంబూలం.
నమలగా నమలగా పండుతుంది.
నీకింకా పళ్ళే రాలేదు."
అలా మొదలెట్టి
మధ్యాహ్నం రెండింటిదాకా
ఒక్కడే శరభయ్య తరఫున నిలబడ్డాడు.
యతి గురించి కూడా మాట్లాడాడు, తప్పుగా.

ఆవేళ షర్బత్తు డబ్బులు
ఎవరివ్వాలో తేలలేదు.
నేనే ఇచ్చాను.