పంటు దాటాక

తాళం వేశాను. మళ్లీ తీశాను.
గ్యాసు కట్టానో లేదోనని ఓసారి,
పాలకి తోడు వేశానో లేదోనని ఓసారి.
ఇల్లు ఖాళీ కాదు, సాయంత్రానికి మా ఆయన వస్తాడు,
అయినా ఆ గోడల్ని నేనొక్కదాన్నే
పట్టుకుని నిలబెట్టినట్టు
చెయ్యి వదిలితే ఒరిగిపోతాయని గాభరా.
"ఇంకోసారి తీశావంటే పంటు నీకోసం ఆగదు"
బండి మీంచి దిగకుండానే అన్నాడు.

దారంతా తిట్టుకున్నాను ఊరిని.
ఉప్పెక్కిన బోరునీళ్లని, దోమల్ని,
తుపాను పేరు చెప్పి పడిపోయే కరెంటుని.
తిడుతుండగానే బోదె గట్టు మీద
బట్టలు జాడిస్తున్న దయామణి
"కోళ్లని నేను చూస్తాలే వదినా" అంది.
గొంతులో ఏదో అడ్డుపడింది.
చేపముల్లు కాదు.

సఖినేటిపల్లి రేవులో
రెండు ఆటోలనీ, ఒక పెళ్లి బీరువానీ,
బుట్టెడు బాతుగుడ్లనీ, నన్నూ
ఎక్కించుకుని కదిలింది పంటు.
ఆయన ఒడ్డున నిలబడి
బండి గొలుసుకేసి చూస్తున్నాడు.
ఏటా ఇంతే. చెయ్యి ఊపడు.
పంటెక్కితే తల తిరుగుతుందని రాడు.
నడి ఏట్లోకి వచ్చేసరికి
కొబ్బరిబొండాం అంతయ్యాడు మనిషి.
అప్పుడనిపిస్తుంది, వెనక్కి పోదామని.
అప్పుడే గాలి మొహాన కొట్టి
పదేళ్ల పిల్లలా నవ్వొస్తుంది.
ఏది ముందో చెప్పలేను.

ఏడాది పొడుగునా అల్లిన లేసు
నా చేతుల్లోంచి వెళ్లి ఏ దేశంలో
ఎవరి బల్ల మీద పరుచుకుందో.
అది చూసిన ఊళ్లలో సగమైనా నేను చూడొద్దూ?
గజానికింతని దాచిన డబ్బులు
తొమ్మిది రోజుల కిటికీ అయ్యాయి.

నరసాపురంలో రైలెక్కాక
వరిచేలు, చెరువులు, మళ్లీ చెరువులు,
రొయ్యల నీళ్లని చిలికే చక్రాలు.
ఓ కునుకు తీసి లేచేసరికి
నేల లేచి నిలబడింది.
మా వైపు ఎత్తంటే ఏటిగట్టే,
రాయంటే లారీలో వచ్చేదే.
ఇక్కడ గుట్టలు ఎవరూ తేకుండానే
ఎప్పట్నుంచో కూచునున్నాయి,
వాటి ఒళ్లో మేకలు.
చూస్తుండగానే టీ చల్లారిపోయింది.

"ఏ ఊరమ్మా?" అంది ఎదుటి సీటావిడ.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ నన్నెవరూ
ఏ ఊరని అడగలేదు.
"అప్పనరామునిలంక" అన్నాను
పొద్దున తిట్టిన నోటితోనే,
ఒక్క అక్షరం మింగకుండా.
"లంకనా? సముద్రం దాటొచ్చినవా?"
"ఆయ్, పంటు దాటొచ్చానండి."
ఇద్దరం నవ్వాం. ఆమె పేరు నర్సవ్వ.
నిజామాబాద్ అవతల, ఏటి పక్క ఊరు.
"గోదారంటరు గదా మీరు, మేం గంగ అంటం" అంది.
జొన్నరొట్టె తుంచి పెట్టింది.
నేను కొబ్బరి లౌజు పెట్టాను.
"వానలు పడ్డయంటే మా మన్నంత కొట్కపోతది,
ఏడికి పోతదో ఏమో" అని ఆమె అంటుంటే
నా కాళ్లకేసి చూసుకున్నాను.
మడమ పగుళ్లలో ఇంకా మా దొడ్డి మట్టి.
ఏమీ చెప్పలేదు.
ఇంకో లౌజు పెట్టాను.

రాత్రి ఫోను.
"తాళంచెవి ఏదీ?"
రేవులో ఇచ్చాననుకున్నాను.
లేసు సంచి దులిపితే
సూదికీ టిక్కెట్టుకీ మధ్య పడుంది.
"తిరిగొచ్చేయనా?" అన్నాను.
అడిగానే గానీ ఒకటే భయం,
సరే అంటాడేమోనని.
అటునుంచి కాసేపు కప్పల అరుపే.
"పెరటి తలుపు గడియ ఊడదీశాలే.
ఆ కొండలేవో చూసిరా.
పాలకి మాత్రం తోడెయ్యలేదు నువ్వు."

ఫోను పెట్టేశాక కూడా
ఆ కప్పల కోసం చెవొగ్గి కూచున్నాను.
రైలేదో వంతెన ఎక్కింది.
చీకట్లో నీళ్లు కనపడలేదు, ఇనుము మోగింది.
ఏ ఏరో అడుగుదామంటే
నర్సవ్వ నిద్రపోతోంది.