కాంటా

మిర్యాలగూడ మిల్లుల కాంటా నాది.
లారీ తూసేటప్పుడు ఎవడన్న ఎక్కితే
"దిగురా" అని కసురుత.

మొన్న నల్గొండ మీటింగుకు పోయొచ్చి
ఊడ్చెటోళ్ల ముందట అన్న:
"మైకు పట్టిన మేడమ్‌లు అన్నీ చెప్పిండ్రు గని
మీ మూడొందల కూలి ముచ్చట తియ్యలే.
గిదేం స్త్రీవాదం?"

ఈదమ్మ చాట ఆపలే. తౌడు నా కండ్లల్ల పడ్డది.
"నిజమే సారూ. తియ్యలే.
గదే పనికి మా మొగోళ్లకు ఆరొందలని
రాసే చెయ్యి ఎవరిది?"

రిజిస్టరు మీద నా చేతిరాత,
గుండ్రంగ, ముద్దుగ.

నా మాట తప్పు గాదు. ఇప్పటికీ అంట.
గని రాత్రి, ఖాళీ కాంటా మీద
అంకెలు ఎర్రగ వెలుగుతున్నయి:
డెబ్బై కిలోలు.
లారీ లేదు, బస్త లేదు.
కిందికి చూస్తే నా చెప్పులు.