మెడ వెనక చీటీ

నా పేరు ఓబ్డూలియా.
మీరు విని ఉండరు. తెర మీద నా పేరు పడేసరికి
జనం లేచి కాఫీ పెట్టుకోడానికి వెళ్ళిపోయేవాళ్ళు.
కారకాస్‌లో, నాలుగో స్టూడియో వెనక,
కిటికీ లేని గదిలో
ముప్పై ఒక్క ఏళ్ళు గౌన్లు కుట్టాను.

ఈ ఊళ్ళో ఆడపిల్లకి
ఎక్కాల కంటే ముందొచ్చే అంకెలు మూడు:
తొంభై, అరవై, తొంభై.
ఛాతీ, నడుము, తుంటి.
టేపు నా మెడలో వేలాడేది
డాక్టరు గొట్టంలా.
రోగం ఏమిటో నేనే చెప్పేదాన్ని.

కొలతకొచ్చిన పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు.
"వదులమ్మా" అంటే
వదిలితే అరవై మూడవుతుందని
కళ్ళతోనే బతిమాలేవాళ్ళు.
ఒకమ్మాయి రెండు రోజులు బొప్పాయి ముక్కల మీదే బతికి
నా మీదకి ఒరిగిపోయింది.
నోటినిండా గుండుసూదులు, అరవలేను.
ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో గౌను అంచుని పట్టుకున్నా.
నిజం చెప్పాలంటే
ముందు పట్టుకున్నది గౌనునే.
అరువు తెచ్చిన పట్టు అది.

ఆ రాత్రే మొదలైంది నా దొంగపని.
పది సైజు గౌను కుట్టడం,
మెడ వెనక ఆరు అని చీటీ తగిలించడం.
నిర్మాత రెంజో వచ్చి, కాలరు తిప్పి, అంకె చదివి
"భేష్" అనేవాడు.
ఆయనకి చదవడమే వచ్చు, చూడటం రాదు.
పిల్లలు నా ఇస్త్రీ బల్ల కింద దూరి
వెన్న కారుతున్న అరేపాలు తినేవాళ్ళు,
పిల్లికూనల్లా, చప్పుడు కాకుండా.
నేను తలుపుకి వీపు ఆనించి నిలబడేదాన్ని.
పుణ్యం చేస్తున్నాననుకున్నా.
పదకొండేళ్ళు అనుకున్నా.

అప్పుడొచ్చింది యుస్మారి,
మారకైబో సరస్సు ఒడ్డు పిల్ల,
నవ్వితే గది గోడలు దగ్గరయ్యేవి.
రాత్రి తొమ్మిది గంటల సీరియల్లో లాయరు వేషం.
కోర్టులో స్త్రీ స్వేచ్ఛ మీద
రెండు పేజీల డైలాగు.
చెప్పబోతే మూడో వాక్యానికే ఊపిరి అందలేదు,
నడుము దగ్గర గౌను అంత బిగుతు.
"విప్పు పిన్నీ, రెండంగుళాలు" అంది.
విప్పాను.
అలవాటుగా ఆరు చీటీ కుడుతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఇది ఎవరి నడుము?"
చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను.
తను నవ్వలేదు.
"పత్రికలో నా బొమ్మ కింద ఆరు అని వేశారు.
మా చెల్లెలు దాన్ని కత్తిరించి అద్దానికి అంటించుకుంది.
నాలాంటి ఒళ్ళే దానిది, అచ్చం నాలాంటిదే.
ఆ ఆరు కోసం మూడు వారాలుగా
నిమ్మకాయ నీళ్ళ మీద ఉంటోంది.
పిన్నీ, నువ్వు నాకు పెట్టిన అరేపా
ఎవరి పళ్ళెంలోంచి తీశావు?"

నోట్లో సూదులున్నాయి.
లేకపోయినా ఏం చెప్తాను.

కత్తెర తనే తీసుకుంది.
చీటీ కోసి నా అరచేతిలో పెట్టింది,
పీకేసిన పన్నులా.
ఎర్రదారంతో పది కుట్టమంది,
పైకి కనపడేలా, మెడ మీద.
జడ ముడేసుకుని కెమెరాకి వీపు తిప్పి నిలబడి
రెండు పేజీలూ ఆపకుండా చెప్పింది.
లైట్లు పట్టే కుర్రాళ్ళు సిగరెట్లు కూడా మర్చిపోయారు.

ప్రసారంలో ఆ వీపు లేదు. గొంతు ఉంచారు,
బొమ్మ బదులు కోర్టు గడియారం చూపించారు.
రెండు నెలలకి కథలోని లాయరు
కారు ప్రమాదంలో పోయింది.
యుస్మారి ఇప్పుడు రేడియోలో వాతావరణం చెబుతోంది.
వాన వస్తుందంటే నేను నమ్ముతాను.

నేను ఇంటి దగ్గరే కుడుతున్నా.
మా వాడ పిల్లలు పదిహేనో పుట్టినరోజు గౌన్ల కోసం వస్తారు.
నిన్న వచ్చిన పిల్ల కూడా అంతే,
టేపు చూడగానే పొట్ట లోపలికి లాగింది.
నేనేం అనలేదు.
టేపు చేత్తో పట్టుకుని నిలబడ్డా.
పొయ్యి మీద పాలు పొంగాయి, పొంగనిచ్చా.
చివరికి వదిలింది పాపం, పెద్ద నిట్టూర్పు,
నా ముంగురులు కదిలాయి.

అప్పుడు కొలిచాను.