తంగేడు కిరీటం

మృగశిర తొలివాన పడిన మర్నాడు
జొన్నగిరి చేలల్లో నడుములు వంచి
వజ్రాల కోసం వెతుకుతున్నాం, నేనూ మద్దిలేటీ.
గట్టు మీద టార్పాలిన్, మూడు రాళ్ల పొయ్యి,
నాలుగు పూటలకు సరిపడా జొన్నరొట్టెలు, ఎర్రకారం.
నాకు దొరికింది రాయి కాదు.
బొటనగోరంత బంగారు బిళ్ల.
దాని మీద బలిసిన మెడ, కత్తి ముక్కు, నెత్తిన ఆకులు.

"ఎవరన్నా వీడు?"
రోము రాజు అన్నా.
"ఆన్నించి ఈడికెట్ల వచ్చె?"
మిరియాలకో, మన గుడ్డలకో వచ్చింటాడు అన్నా.
తర్వాత ఊరికే ఉండలేక, ఎండ నెత్తికెక్కి,
జరగని కథ ఒకటి మొదలుపెట్టినా.

అనుకో మద్దిలేటీ,
ఆరేడు వందల ఏండ్ల కిందట
ఈ చేను దున్నుతుంటే ఇట్లాంటివి కుండెడు బయటపడినాయి.
అనుకో, ఆ గుట్ట మీద ఎర్రభూపతి అని ఒక చక్రవర్తి.
ఆయన వాటిని కరిగించలేదు.
రాత్రంతా దీపం కింద ఆ ముక్కునే చూస్తా కూర్చున్నాడు.

గుర్రాలమ్మే అరబ్బు ముసలాయన చెప్పినాడు:
"వీళ్లు రాతి కమానుల మీద నీళ్లను నడిపించినారు సామీ.
పట్నం నడుమ ఒక తలుపు పెట్టినారు,
యుద్ధం ఉన్నన్నాళ్లు తెరిచి, లేనప్పుడు మూసేవాళ్లు."
"ఇప్పుడు యాడున్నారు?"
ముసలాయన గుర్రం నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టినాడు.

మర్నాడు దండోరా:
పోయిన రోము జొన్నగిరిలో పుడుతుందహో.

ఆకుల కిరీటానికి ఆ చెట్టు మన సీమలో లేదు.
తంగేడు అల్లినారు. మధ్యాహ్నానికి పూలు వాడి
రాజు చెవుల మీద చీమలు పాకినాయి.
నూరుమంది పెద్దలకు ఎర్రంచు పంచెలిచ్చి సభ పెడితే
ఎవరి పక్కన ఎవరు కూచోవాలో తేలక
పొద్దు గుంకింది.
స్నానాల మేడలు కట్టి, నీళ్లు లేక
ఉలవలు పోసుకున్నారు.

మద్దిలేటికి నవ్వొచ్చి రొట్టె గొంతుకడ్డం పడింది.

కమానులు మాత్రం నిలబడినాయి.
ఒడ్డె సుంకన్న, వాని జనం, పదమూడేండ్లు,
సున్నం లేకుండా రాయికి రాయి ఒరిగించి
తుంగభద్ర కాణ్నించి ఈ చేల దాకా.
"నది పల్లంలో ఉంది గదన్నా, మిట్టకెట్ల ఎక్కుతాయి నీళ్లు?"
కథలో ఎక్కుతాయిలే.
హంద్రీ-నీవా మోటార్లు కథకు అక్కర్లేదు.

నీళ్లొచ్చిన దినం ఊరేగింపు.
అరబ్బు చెప్పిన కడపటి ఆచారం ఒకటి మిగిలింది:
గెలిచిన రాజు వెనక బానిస ఒకడు నిలబడి
చెవిలో ఒక మాట చెప్పాల.
మాట తెలిసినాక ఎవరూ ముందుకు రాలేదు.
చివరికి సుంకన్న కూతురు, పన్నెండేండ్ల ఉలిగమ్మ,
రాతిదుమ్ము చేతులతోనే ఏనుగెక్కింది.
వీధికొకసారి వంగి చెప్పింది:
"తాతా, నువ్వూ సస్తావ్."

మూడో వీధిలో రాజు కండ్లు తుడుచుకున్నాడు.
నాలుగో వీధిలో ఏనుగు దిగి నడిచినాడు.
ఆ రాత్రి యుద్ధం తలుపు మూసి
తాళంచెవి పిల్ల కొంగున కట్టినారు.
అది ముసలిదై పోయేదాకా
ఆ తలుపు కిర్రుమనలేదు.

మద్దిలేటి శానాసేపు మాట్లాడలేదు.
"ఆ తాళంచెవి యాడ పడిపోయిందో" అన్నాడు,
చేనంతా ఒకసారి కలయచూస్తా,
దాన్ని కూడా ఏరుకోవచ్చన్నట్టు.

మబ్బు మళ్లీ కమ్ముతాంది.
పెరవలి సేటు మనిషి బండి దిగి
బిళ్లను గోటితో గీకి, అరచేతిలో ఎగరేసి,
కరిగిస్తే ఇంతొస్తుంది అన్నాడు.
వెనక్కి తీసుకుని నేను పిడికిలి మూసినా.

మద్దిలేటి నా వెనక నిలబడి
చెవి దగ్గరికి వంగినాడు:
"అన్నా, పోయిన వానప్పుడు తెచ్చిన అప్పు
ఇంకా అట్లనే ఉంది."